ఎముక అతుక్కునేలోగా: ఇంట్లో జారిపడ్డాక చేయవలసినవి – చేయకూడనివి

పెద్దవయసులో ఎముక విరగడానికి మేడ మీదనుంచి పడనక్కర్లేదు. స్నానాలగది గుమ్మంలో తడికాలు జారితే చాలు. రాత్రి ఒంటికి లేచినప్పుడు చీకట్లో కాళ్లపట్టా మడతపడితే చాలు. పండగ ముందు బూజులు దులుపుదామని ప్లాస్టిక్ స్టూలెక్కితే చాలు. చెయ్యి ఆనించి పడితే మణికట్టు, పక్కకు ఒరిగిపడితే తుంటి, దబ్బున కూలబడితే వెన్నుపూస. ఇంట్లో పడ్డవాళ్లలో ఎక్కువగా దెబ్బతినేవి ఈ మూడే. వీటి తర్వాత భుజం.

ఎముకకు అతుక్కోవడం తెలుసు. దాన్ని సరైన చోట నిలబెట్టి, కదలకుండా ఉంచితే తన పని తాను చేసుకుపోతుంది. అతుక్కునేలోగా మనిషి పాడైపోకుండా చూడటమే కష్టం. ఊపిరితిత్తుల్లో నెమ్ము, పిక్కల్లో రక్తం గడ్డకట్టడం, వీపు మీద పుళ్లు, కండ కరిగిపోవడం, మతి తప్పినట్టు మాట్లాడటం – ఇవి ఎముక విరిగినందుకంటే మంచాన పడినందుకే ఎక్కువగా వస్తాయి. తుంటి విరిగిన పెద్దావిడను ప్రేమ కొద్దీ నెలల తరబడి కదలనివ్వకుండా పడుకోబెట్టడం మన ఇళ్లలో జరిగే అతిపెద్ద పొరపాటు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ విరిగిన చోటు కదలకుండా, మిగతా మనిషి కదులుతూ ఉండటానికే.

పడ్డ మొదటి గంట

మనిషి పడిన చప్పుడు వినగానే నలుగురూ పరుగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకుని లేపేస్తారు. అది చేయకండి. పడినవాళ్లు కూడా సిగ్గుతోనో కంగారుతోనో "ఏం కాలేదు" అంటూ లేవబోతారు. లేవనివ్వకండి. ఉన్నచోటే దుప్పటి కప్పి నొప్పి ఎక్కడో అడగండి. వేళ్లు కదపమనండి. మెడలోనో వెన్నులోనో నొప్పి ఉందన్నా, కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయన్నా అంగుళం కూడా జరపకుండా 108కి ఫోన్ చేయండి.

ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటివైపు తిరిగిపోయి ఉంటే తుంటి విరిగిందనే అనుకోవాలి. "నాలుగడుగులు వెయ్యి చూద్దాం" అని పరీక్ష పెట్టకూడదు. కొన్ని తుంటి విరుగుళ్లలో ఎముక ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటాయి. అలాంటప్పుడు మనిషి కుంటుతూ నడవగలుగుతారు కూడా. నొప్పి గజ్జల్లోనో, ఒక్కోసారి మోకాల్లోనో తెలుస్తుంది. "నడుస్తోందిగా, విరిగి ఉండదులే" అని వారం గడిపితే, సన్నగా ఉన్న పగులు కాస్తా పూర్తిగా విడిపోతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా కాలు మోపితే గజ్జల్లో నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. మొదటి ఎక్స్‌రేకు దొరకని తుంటి పగుళ్లు సీటీలోనో ఎంఆర్ఐలోనో బయటపడతాయి.

చెయ్యి విరిగితే ముందుగా గాజులు, ఉంగరాలు తీసేయండి. గంట గడిచాక వాపు ఎక్కి అవి రావు, కట్టర్‌తో కోయాల్సి వస్తుంది. ముత్తయిదువ గాజులు తీయకూడదని తటపటాయించే పెద్దవాళ్లుంటారు. రెండో చేతికి ఉన్నవి చాలని చెప్పండి.

విరిగిన చోటు కదలకుండా ఊతం ఇవ్వాలి. దానికి ఇంట్లో ఉన్నవే సరిపోతాయి. మందంగా మడిచిన దినపత్రికను చేతికింద పెట్టి తువ్వాలుతో కట్టవచ్చు. చీలమండ అయితే మెత్తటి దిండు చుట్టి రెండుచోట్ల ముడివేయవచ్చు. విరిగిన చోటుకు పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా ఉండాలి. ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి.

అమృతాంజనం రుద్దడం, ఆముదం రాసి మర్దన చేయడం, వేడినీళ్ల కాపడం, వంకరను సరిచేద్దామని లాగడం – ఇవేవీ చేయకూడదు. విరిగిన ఎముక అంచు పదునుగా ఉంటుంది. రుద్దితే లోపలి నరం, రక్తనాళం తెగవచ్చు. చర్మం చీలి ఎముక బయటికి కనిపిస్తుంటే పసుపు, కాఫీపొడి అద్దకండి, లోపలికి నెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పి బయల్దేరండి. అలాంటి గాయానికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది.

ఆపరేషన్ అవసరం కావచ్చనిపిస్తే దారిలో ఇడ్లీలు, పాలు పెట్టకండి. షుగర్ మాత్ర వేసుకుని ఉంటే ఆ సంగతి అంబులెన్స్ సిబ్బందికి చెప్పండి. తలకు దెబ్బ తగిలిందా, రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివేమైనా వాడుతున్నారా అన్నది డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి. సంచిలో పాత మందుచీటీలతోపాటు కళ్లజోడు, చెవి మిషను, పళ్లసెట్టు ఉండాలి. ఇవి ఎందుకో తర్వాత చెబుతాను.

పడటానికి ముందు ఏం జరిగిందో కూడా గుర్తుచేసుకోండి. కాలు జారి పడ్డారా? కళ్లు తిరిగి పడ్డారా? ఎలా పడ్డారో తెలియనే తెలియదా? మూడోదైతే ఎముకతోపాటు గుండెనూ చూపించాలి.

నాటుకట్టు సంగతి

తెలుగువాళ్లకు ఎముక విరుగుడు అనగానే పుత్తూరు గుర్తొస్తుంది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలతో వేసే పుత్తూరు కట్టుకు తరాలుగా పేరుంది. మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊరి సంతకు వెళ్లినా "పుత్తూరు కట్టు" అని రాసిన బోర్డు ఒకటి కనిపిస్తుంది. ఆ బోర్డు పెట్టిన ప్రతివాడూ పుత్తూరులో పని నేర్చినవాడు కాడని వేరే చెప్పాలా?

పక్కకు తొలగని సాదా విరుగుడు, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, ఏ కట్టు వేసినా అతుక్కుంటుంది. నాటుకట్టుకు వచ్చిన పేరులో పెద్ద వాటా వీటిదే. కానీ తుంటి విరుగుడు పైనుంచి కట్టే కట్టుకు అందదు. కీలులోకి వెళ్లిన పగులును ఎక్స్‌రే లేకుండా చేత్తో తడిమి సరిచేయలేరు. చర్మం చీలిన విరుగుడు మీద పసరు పడితే చీము పడుతుంది. అన్నిటికంటే భయపడాల్సింది బిగువు. విరిగిన చోట మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతూ ఉంటుంది. దానికి చోటివ్వకుండా బద్దలు బిగిస్తే రక్తం ఆడక వేళ్లు నల్లబడతాయి. అలా చేతులు పోగొట్టుకున్న పిల్లలు మన ఆస్పత్రుల్లో కొత్త కాదు. కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లాలన్నా ముందు ఎక్స్‌రే తీయించండి. తుంటి, వెన్ను, మోచేయి, మోకాలు అయినా, గాయం ఉన్నా నాటుకట్టు ఊసెత్తకండి.

"ఈ వయసులో ఆపరేషనా?"

తుంటి విరిగిన ఇంట్లో మొదటి రాత్రి జరిగే చర్చ ఇదే. ఎనభై ఏళ్ల మనిషికి కత్తి పెట్టించడమెందుకు, పడుకోబెడితే అదే అతుక్కుంటుందిలే అంటారు. నిజానికి తుంటి విషయంలో వయసు ఎంత పెరిగితే ఆపరేషన్ అవసరం అంత పెరుగుతుంది. ఒకప్పుడు కాలికి బరువు వేలాడదీసి వారాల తరబడి కదలకుండా ఉంచేవారు. ఎముక అతికేలోపు మనిషి నెమ్ముతోనో పుళ్లతోనో పోయేవారు. ఇప్పుడు రాడ్డు, స్క్రూలు వేసో, తొడ ఎముక పైకొనలో విరిగిన బంతి లాంటి భాగాన్ని తీసేసి లోహపు బంతి పెట్టో మర్నాడే మంచం మీద కూర్చోబెట్టి, వాకర్‌తో నిలబెడుతున్నారు. ఆపరేషన్ ముఖ్యోద్దేశం ఎముక అందంగా అతకడం కాదు, మనిషిని త్వరగా లేపడం.

ఒంట్లో మిగతావన్నీ కుదురుగా ఉంటే పడ్డ 48 గంటల్లోపు ఆపరేషన్ అయ్యేలా చూసుకోండి. అమెరికాలో ఉన్న అబ్బాయి బయల్దేరి వచ్చేదాకా ఆగుదామనుకోకండి. అబ్బాయి అవసరం ఆపరేషన్ గది బయట కంటే ఆ తర్వాతి ఆరు వారాల్లో ఎక్కువ. అప్పటికి టికెట్ తీసుకోమనండి. ఖర్చు మాటకొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద ఎముకల ఆపరేషన్లు ఉన్నాయి. బిల్లు కట్టడానికి ముందే ఆస్పత్రిలో ఆ పథకం సిబ్బందిని అడగండి.

ఇంటికి వచ్చేముందు డిశ్చార్జి కాగితం మీద ఒక్క మాట రాయించుకోండి: దెబ్బ తగిలిన కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? అసలు మోపకూడదా, వేళ్లు మాత్రం ఆనించాలా, పూర్తిగా మోపవచ్చా? నోటిమాటగా వింటే ఇంటికొచ్చేసరికి ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. లోపల పెట్టిన ప్లేటు, రాడ్డు వివరాల స్టిక్కర్‌ను కూడా భద్రపరచండి. తర్వాతెప్పుడో ఎంఆర్ఐ తీయాల్సివస్తే, మళ్లీ ఆపరేషన్ చేయాల్సివస్తే అదే ఆధారం.

కట్టు వేశాక

పిండికట్టు పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా దాన్ని వేళ్లతో నొక్కి పట్టుకోకూడదు, అరచేతుల మీద ఎత్తాలి. గట్టి బల్ల అంచు మీద ఆనించకూడదు. వేళ్ల నొక్కులు గుంటలై లోపల చర్మాన్ని ఒరుస్తాయి. ఫైబర్ కట్టుకు ఈ బాధ లేదు, త్వరగా ఆరుతుంది, బరువూ తక్కువే.

మొదటి మూడు రోజులు కట్టు వేసిన చెయ్యిగానీ కాలుగానీ గుండె కంటే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని కాలు కిందికి వేలాడేసి టీవీ చూస్తే సాయంత్రానికి వేళ్లు బూరెల్లా ఉబ్బుతాయి. చేతికి కట్టుంటే వేళ్లు మూసి తెరవడం, మోచెయ్యి వంచడం, భుజం పైకెత్తడం మొదటిరోజునుంచే గంట గంటకూ చేయాలి. మణికట్టు బాగా అతుక్కుని భుజం మాత్రం పట్టేసిన ఆడవాళ్లు ఎందరో. ఆరు వారాలూ చేతిని జోలెలో వేసి ఒంటికి అదిమి పెట్టుకోవడమే దానికి కారణం.

దురద పుడితే చీపురుపుల్ల, స్కేలు, అల్లికసూది లోపలికి దూర్చకండి. చర్మం గీరుకుపోతే కట్టు కింద చీము పట్టినా తెలియదు. పౌడర్ చల్లకండి. కట్టు మీద పైనుంచి తట్టండి, మరీ ఎక్కువైతే దురద మాత్ర అడగండి. స్నానానికి ముందు పాలిథిన్ కవరు చుట్టి టేపు వేయండి. అప్పటికీ తడిస్తే ఎండలో ఆరబెట్టి సర్దుకుపోకుండా చూపించండి.

కట్టు వేశాక మందుకు లొంగకుండా నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, ఎవరైనా వేళ్లు చాపబోతే ప్రాణం పోయినంత బాధగా ఉన్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లగానో నీలంగానో మారినా తెల్లారేదాకా ఆగకూడదు. అర్ధరాత్రయినా వెళ్లి కట్టు వదులు చేయించాలి. లోపల పెరిగిన ఒత్తిడికి కండ కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది. "మొదట్లో నొప్పి ఉంటుందిలే" అన్న ఊరడింపుకు ఇక్కడ తావు లేదు.

మంచం

కాలు విరిగినవాళ్లను పూర్తిగా మంచానికి అప్పగించకండి. డాక్టరు వద్దంటే తప్ప భోజనం కూర్చునే చేయాలి, టీవీ కుర్చీలో కూర్చునే చూడాలి. ఎత్తు తక్కువ నులకమంచం వద్దు. కూర్చుంటే మోకాళ్లు తుంటికంటే కొంచెం కిందుండే ఎత్తు కావాలి. మేలుకుని ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలు ముందుకూ వెనక్కూ ఆడించాలి. పిక్కల్లో రక్తం నిలవకుండా ఉండటానికి ఇంతకంటే చవకైన మందు లేదు. తుంటి ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు, మాత్రలు సాధారణంగా నెల పైనే వాడాలి. కుట్లు విప్పారని ఆపేయకూడదు. ఒక పిక్క వాచి, ముట్టుకుంటే నొప్పెడుతుంటే అదేరోజు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు.

బొత్తిగా కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. రాత్రి కూడా. మడమల కింద దిండు కాదు, పిక్కల కింద దిండు పెట్టాలి, మడమ గాలిలో ఉండాలి. నడుం కింద, పిరుదుల మీద ఎర్రమచ్చ వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైందన్నమాట. దాన్ని రుద్దకండి, దాని మీద పడుకోనివ్వకండి. గాలిపరుపు మంచిదే కానీ అది కొన్నామని ఒత్తిగిలించడం మానేసిన ఇళ్లున్నాయి.

ఆపరేషన్ అయిన రెండో రోజో మూడో రోజో, పొద్దుగుంకేసరికి పెద్దావిడ ఉన్నట్టుండి ఎవరెవరితోనో మాట్లాడుతుంది. చనిపోయిన భర్త వచ్చాడంటుంది, సెలైన్ పీకేస్తుంది. ఇంట్లోవాళ్లు బిక్కచచ్చిపోతారు. గాలి సోకిందని తాయెత్తు కట్టినవాళ్లున్నారు, మతి పోయిందని ఏడ్చినవాళ్లున్నారు. ఇది చాలామంది వృద్ధులకు వస్తుంది, చాలామందిలో తగ్గిపోతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, ఒంట్లో నీరు చాలకపోవడం, మలబద్ధకం, ఘాటైన నొప్పి మాత్ర, నిద్ర లేకపోవడం – వీటిలో ఏదైనా కారణం కావచ్చు. డాక్టరుకు చెప్పి అది వెతికించాలి. కళ్లజోడు, చెవి మిషను తెమ్మన్నది ఇందుకే. కనిపించక, వినిపించక కొత్తచోట పడివున్న మనిషికి భయం రెట్టింపవుతుంది. తెలిసిన మనిషి పక్కన ఉండాలి. గదిలో గడియారం కనిపించాలి. పగలు కిటికీ తెరవాలి. మాటలు తప్పని వాదించకండి, కాళ్లూ చేతులూ మంచానికి కట్టకండి, నిద్రమాత్ర మీ అంతట మీరు వేయకండి.

చూసుకునేవాళ్లకూ ఒక మాట. చంకల కింద చేతులు వేసి ఎత్తితే భుజం జారుతుంది, మీ నడుమూ పట్టేస్తుంది. పేషంటు నడుముకు వెడల్పాటి బెల్టు పెట్టి, మీ మోకాళ్లు వంచి, దాన్ని పట్టుకుని లేపండి. ఏజెన్సీనుంచి మనిషిని పెట్టుకుంటే ఏ మందు ఎప్పుడు, ఏ వ్యాయామం ఎన్నిసార్లు అన్నది పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. విదేశంనుంచి వీడియో కాల్‌లో మాట్లాడే పిల్లలు "బాగున్నావా అమ్మా" అని వదిలేయకుండా "లేచి కుర్చీలోకి వచ్చి చూపించు" అనడం మేలు.

పథ్యం పేరుతో పస్తు

ఎముక విరిగితే పథ్యం చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. పప్పు తింటే చీము, గుడ్డు వేడి, పెరుగు వాతం, చింతపండు పనికిరాదు. అన్నీ తీసేశాక మిగిలేది మెత్తటన్నం, చారు. కొత్త ఎముకకు మొదట కావాల్సింది మాంసకృత్తుల దారాలు. సున్నం వాటి మీద పేరుకుంటుంది. మాంసకృత్తులు లేని చారన్నంతో కాల్షియం మాత్ర ఎన్ని మింగినా లాభం లేదు.

60 కిలోల మనిషికి రోజుకు 60నుంచి 70 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలల్లో అంతకంటే కాస్త ఎక్కువ, వంద గ్రాముల చేపలో 20 గ్రాముల దాకా ఉంటాయి. శాకాహారులు పూటపూటా గట్టి పప్పు, పెరుగు, రోజుకోసారి శనగలో పెసలో సోయానో తింటేనే లెక్క తేలుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ముందు డాక్టరును అడగాలి. కాల్షియం రోజుకు 1,000నుంచి 1,200 మిల్లీగ్రాములు. రాగిజావ, నువ్వుండ, మునగాకు పప్పు, పెరుగు – వీటికి సాటి వచ్చేవి మన వంటింట్లో లేవు.

మేక కాళ్ల సూపు గురించి చెబితే చాలామందికి కోపం వస్తుంది. ఎంతసేపు మరిగించినా ఎముకలోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. రుచికి తాగండి, ఆకలి పుట్టిస్తుంది, దాన్ని మందనుకోకండి. నల్లేరు పచ్చడికీ అదే మాట. దాని మీద పరిశోధనలు జరిగాయి కానీ అవి చిన్నవి. పచ్చడిగా తినండి, దాన్ని నమ్మి మాత్రలు ఆపకండి.

విటమిన్ డి 60,000 యూనిట్ల మాత్ర లేదా పొడి సాధారణంగా వారానికి ఒకటి. త్వరగా తగ్గుతుందని రోజూ వేసుకుంటే వాంతులు, మతిమరపు వచ్చి కిడ్నీలు దెబ్బతింటాయి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. బీడీ, సిగరెట్, చుట్ట మానాలి. పొగ తాగేవాళ్లలో ఎముక ఆలస్యంగా అతుకుతుంది, కొందరిలో అసలు అతకదు. షుగర్ అదుపు తప్పినా అంతే.

నొప్పి మాత్రలు మందులషాపులో అడిగి తెచ్చుకోకండి. డైక్లోఫెనాక్ లాంటివి వారాల తరబడి మింగితే పెద్దవాళ్లలో కిడ్నీలు, కడుపు పాడవుతాయి. అలాగని నొప్పిని ఓర్చుకుని పడుకోవడమూ గొప్ప కాదు. నొప్పి తగ్గితేనే వ్యాయామం సాగుతుంది. ఫిజియోథెరపీ మనిషి వచ్చేందుకు అరగంట ముందు డాక్టరు రాసిన మాత్ర వేయండి.

మళ్లీ నడక

మణికట్టుకు ఆరు వారాలు, తుంటికి మూడు నాలుగు నెలలు, మోకాలి కింది పెద్ద ఎముకకు నాలుగునుంచి ఆరు నెలలు పడుతుంది. పిల్లలకు ఇంతకంటే త్వరగా అతుకుతుంది.

వాకర్ పిడి, నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు దగ్గరికి రావాలి. ముందు వాకర్, తర్వాత దెబ్బ తగిలిన కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. చేతికర్రకు మారాక అది బాగున్న కాలివైపు చేతిలో ఉండాలి. అందరూ నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు, అది తప్పు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. వాకర్‌తో మెట్లు ఎక్కకూడదు.

తుంటిలో బంతి మార్చినవాళ్లు మొదటి మూడు నెలలు బాసింపట్టు వేయకూడదు, పీట మీద కూర్చోకూడదు, కిందున్న చెప్పు కోసం వంగకూడదు. పూజగదిలో కూడా కుర్చీ వేసుకోవాలి. భక్తి కొద్దీ కింద కూర్చుని బంతి జారిపోయి మళ్లీ ఆపరేషన్ గదికి వెళ్లినవాళ్లున్నారు. నేలబారు మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో కమోడ్ కుర్చీ కొనడం వాయిదా వేయకండి.

ఇల్లు

పేషంటు ఆస్పత్రిలో ఉండగానే ఇంటి పని జరగాలి. స్నానాలగదిలో గోడకు స్క్రూలతో బిగించిన స్టీలు పిడి రెండుచోట్ల కావాలి, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి. తువ్వాలు వేసే కమ్మీ బరువు ఆపదు, ఊడి చేతికొస్తుంది. తలుపు లోపలినుంచి గడియ వేయడం మానిపించండి. జారే కాళ్లపట్టాలు తీసేయండి. మంచంనుంచి బాత్‌రూము దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. అరిగిన రబ్బరు చెప్పులు పారేయండి. చీర కుచ్చిళ్లు, లుంగీ పాదం మీద పడకుండా రెండంగుళాలు పైకి కట్టుకోమనండి. నున్నటి గ్రానైట్ గుమ్మంలో పిండిముగ్గు అందంగానే ఉంటుంది కానీ తడి తగిలితే సబ్బులా జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ముగ్గు గడప పక్కకు జరపండి. సెల్‌ఫోన్ మంచం మీద కాదు, మనిషి మెడలోనో జేబులోనో ఉండాలి.

బీపీ మాత్ర, నిద్రమాత్ర వేసుకునేవాళ్లు పడక మీదనుంచి ఒక్కసారిగా లేవకూడదు. ఒక నిమిషం మంచం అంచున కూర్చుని లేవాలి. వాయిదా వేస్తూ వచ్చిన శుక్లాల ఆపరేషన్ చేయించేయండి.

రెండో విరుగుడు

నిలబడ్డ ఎత్తునుంచి పడితే విరిగిందంటే ఆ ఎముక అంతకుముందే పలచబడి ఉందన్నమాట. కట్టు వేసేవారు కట్టు వేస్తారు, రాడ్డు వేసేవారు రాడ్డు వేస్తారు. ఎముక ఎందుకు పలచబడిందని అడిగేవారు తక్కువ. ఒకసారి ఇలా విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ప్రమాదం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు, అదీ మొదటి రెండేళ్లలో ఎక్కువ. మణికట్టు విరిగిన అరవై ఏళ్ల ఆవిడ ఎముకలకు అప్పుడే మందు మొదలుపెడితే, డెబ్బై ఐదో ఏట తుంటి విరిగే ముప్పు బాగా తగ్గుతుంది.

ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ పావుగంట పని. టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందగానీ ఉంటే ఆస్టియోపోరోసిస్. తుంటి విరిగినవాళ్లకు స్కాన్ కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టవచ్చు. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంటపాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. లేకపోతే అన్నవాహికలో పుండు పడవచ్చు. ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను ఎవరినీ అడగకుండా ఆపేస్తే వెన్నుపూసలు వరసగా నలిగిపోయే ప్రమాదం ఉంది. ఈ మందులు మొదలుపెట్టేముందు పళ్లు చూపించుకోండి. పన్ను పీకించాల్సి ఉంటే ముందే పీకించండి. నల్గొండ, కనిగిరి లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పెరిగినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అక్కడి ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉండవచ్చు.

ఆరు వారాలకో మూడు నెలలకో చివరి ఎక్స్‌రే చూసి డాక్టరు "అతుక్కుంది, ఇక రానక్కర్లేదు" అంటారు. అప్పుడే లేవకండి. డెక్సా ఎప్పుడు చేయించాలి, ఎముకలకు ఏ మందు వాడాలి, ఎన్నేళ్లు వాడాలి? ఈ మూడింటికీ జవాబు చీటీ మీద రాయించుకోండి.